గొట్టానికి నచ్చిన తూటా

గచ్చిబౌలి ఐటీ భవనాలకు దగ్గర్లోనే, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ అంత. దాన్ని కొట్టాల్సిన సీసపు గుండు బరువు 2.6 గ్రాములు.

ఈ తూటా వంశం పాతది. 1845లో పారిస్‌లో తుపాకుల తయారీదారు ఫ్లోబెర్, ఇళ్లలో గురి సాధనకు పనికొచ్చే బుల్లి తూటా చేశాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ దాన్ని .22 తూటాగా మార్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన ‘లాంగ్ రైఫిల్’ రూపమే నేటికీ నడుస్తోంది.

దీని గుట్టంతా అడుగు అంచులో ఉంది. నిప్పు రాజేసే మందును తడిగా పోసి, గిరగిరా తిప్పి ఆ అంచులోకి చేరుస్తారు. తుపాకీలోని సూది దెబ్బకు అంచు నలిగి మందు అంటుకుంటుంది. నలిగిన తొడుగు మళ్లీ పనికిరాదు. పెద్ద రైఫిళ్ల ఇత్తడి తొడుగులను కొన్ని దేశాల్లో షూటర్లు మందు తూచి, తమ చేత్తో నింపుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయకూడదు. ఇక మిగిలింది మంచి తూటాలను ఏరుకోవడమే. నా దృష్టిలో అదీ అంతటి విద్యే.

అంచులో మందు కాస్త అటూఇటూ పరుచుకుంటే చాలు, వేగం మారిపోతుంది. సెకనుకు 5 మీటర్ల తేడా వస్తే 50 మీటర్ల దగ్గర గుండు మూడు మిల్లీమీటర్లకు పైగా ఎగువకో దిగువకో పోతుంది. ఇంకోటి, పోటీ తూటాను ధ్వని కంటే కొంచెం నెమ్మదిగా, సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగంతో వదులుతారు; ధ్వని వేగాన్ని దాటి మళ్లీ కిందికి దిగేటప్పుడు గుండు తూలుతుంది. మే నెల ఎండలో మందు ఇంకా చురుగ్గా మండుతుంది కాబట్టి, చలికాలంలో కుదిరిన లెక్క వేసవిలో తప్పొచ్చు.

అందుకని రైఫిల్‌ను బిగించి, ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నుంచి పదేసి పేల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర. అయినా ఒక తుపాకీ గొట్టానికి నచ్చిన లాట్ పక్కవాడి గొట్టానికి నచ్చదు. నచ్చిన లాట్ దొరికితే సీజన్‌కు సరిపడా కొనేస్తారు.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఈ పట్టింపు ఇంకా సన్నం. అక్కడ పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. దాని గుండ్లయిన పెల్లెట్ల డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని తల కొలతలు మిల్లీమీటర్లలో ముద్రిస్తారు, షూటర్ వాటినీ పరీక్షించి ఎంచుకుంటాడు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే 701.1 పాయింట్లతో కంచు గెలిచాడు. వెండికి తక్కువైంది 0.4.