దేవాలయమునకు వచ్చు క్రొత్త కుటుంబము

ఇంటికి చుట్టము వచ్చినపుడు మన మేమి చేయుదుము? కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, చాప పరచి, దాహమిచ్చి, ప్రయాణము సుఖముగా సాగినదా యని యడుగుదుము. మన తెలుగు ఇల్లాండ్రకు ఈ విద్యను వేరుగా ఎవరును నేర్ప నక్కరలేదు. అట్టి మనమే ఆదివారమునాడు ఒక క్రొత్త కుటుంబము దేవాలయపు గుమ్మమునొద్ద దిక్కులు చూచుచు నిలిచియుండగా, కీర్తనల పుస్తకమున తల దాచుకొని కూర్చుండుచున్నాము. ఇంటిలో నున్న మర్యాద గుడిలో నేమగుచున్నది? ఈ ప్రశ్నను క్రైస్తవ సోదరీమణుల యెదుట నుంచుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట మా తప్పు మేము చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మేమున్న పట్టణ సంఘమునకు ఒక యువ దంపతులు ఇద్దరు బిడ్డలతో వచ్చిరి. భర్తకు ఆ ఊరికి బదిలీ యైనది. ఆయన పురుషుల వైపునకు పోయెను. ఆమె చంటిబిడ్డ నెత్తుకొని, పెద్దపిల్ల చేయి పట్టుకొని, స్త్రీల వైపున చివర కూర్చుండెను. బిడ్డ యేడ్చినంతనే నాలుగు తలలు వెనుకకు తిరిగినవి. ఆమె లేచి వసారాలోనికి పోయి, ప్రసంగమంతయు గోడ కావల నిలువబడియే వినెను. ఆరాధన ముగిసిన పిమ్మట మాలో నొక పెద్దావిడ ఆమెను పలుకరించినది. మేము సంతోషించితిమి. కాని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “మీ ఇంటిపే రేమమ్మా?” రెండవది, “మీ ఊళ్లో మీ ఇల్లు ఏ పేటలో?” ఆ యువతి ముఖము వాడిపోయెను. ఆమె యేదో బదులు చెప్పి బిడ్డను భుజముపై వేసికొని వెడలిపోయెను.

మరుసటి ఆదివారము వారు రాలేదు. వారి యింటికి పోయి పలుకరింపవలె ననుకొంటిమి. అనుకొనుటలోనే ఆరు వారములు గడచినవి. తుదకు పోయి చూడగా ఆ ఇంటికి తాళము వేసియున్నది. వారు మరియొక వీధికి మారిరని పొరుగువారు చెప్పిరి. అడిగినది పెద్దావిడయే కావచ్చును; ప్రక్కన నిలిచి వినియు ఊరకున్నది మేము.

ఇంటిపేరు, పేట అడుగుటలో తప్పేమని కొందరనవచ్చును. ఆ రెండు ప్రశ్నల వెనుక నున్న మూడవ ప్రశ్న యేదో తెలుగుదేశమున పుట్టిన ప్రతివారికిని తెలియును. మన సంఘములలో ననేకుల పూర్వులు ఊరి వెలుపల నుంచబడినవారే. గుడిలోనైనను ఆ ప్రశ్న తమ వెంట రాదను నాసతో వారు వచ్చిరి. వారి సంతతివారమే ఆ ప్రశ్నను గుమ్మమునొద్ద నిలబెట్టుట ఎంతటి విపరీతము! బంగారుటుంగరము పెట్టుకొని వచ్చినవానిని మంచి చోట కూర్చుండబెట్టి, మాసిన బట్టలతో వచ్చినవానిని దూరముగా నుంచు సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయమున మందలించెను. ఆ మందలింపు మనకును వర్తించునదే.

ఒంగోలు చరిత్ర ఈ సందర్భమున స్మరింపదగియున్నది. 1866లో ఆ ఊరు చేరిన జాన్ క్లౌ దొరగారి యొద్దకు అగ్రవర్ణములవారు కొందరు బోధ వినుటకు వచ్చుచుండిరి. అంతలో తాళ్ల కొండపాడు పెరయ్యగారి మూలమున మాదిగవారు సంఘమున చేర వచ్చిరి. వీరిని చేర్చుకొనినచో తాము రామని అగ్రవర్ణములవారు తెలిపిరి. క్లౌగారును ఆయన భార్యయు వేర్వేరు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు లోకములోని నీచులైనవారిని ఏర్పరచుకొనెనను భాగమే కంటబడెనని చెప్పుదురు. పేదవారికే తలుపు తెరువబడెను. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి కడ, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నాడు తలుపు మూసియుండిన నేటి సంఘములలో ననేకములు ఉండెడివి కావు.

ఇక మన చేతిలో నున్న పనులు చూతము. అనేక తెలుగు సంఘములలో పురుషు లొక వైపున, స్త్రీ లొక వైపున కూర్చుందురు. కావున క్రొత్తగా వచ్చిన కుటుంబము గుమ్మములోనే రెండుగా విడిపోవును. గుమ్మమునొద్ద నిలుచు పెద్దమనుష్యులు భర్తను పలుకరింతురు. భార్యయో, ఎరుగని స్త్రీల నడుమ ఒంటరి యగును. ఆమెను ఆదరించుట మన పనియే. ప్రతి ఆదివారమును ఇద్దరు స్త్రీలు వంతు వేసికొని పావుగంట ముందుగా గుమ్మమునొద్ద నుండవలెను. ఒకరు క్రొత్తయామెను తోడుకొనిపోయి తమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనవలెను. చెప్పులు విడుచు చోటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడనో అడుగకమునుపే చూపవలెను. చిన్నపిల్లల తల్లికి ఈ కడపటిదానికంటె నుపకారము మరియొకటి లేదు.

ఆమె నొసట బొట్టున్నను, తలలో పూలున్నను మన చూపు అచ్చట నిలువరాదు. ఆమె భర్త వేరు మతమువాడు కావచ్చును, ఆమె యింకను వెదకుచున్నది కావచ్చును. విధవరాలు ఒంటరిగా వచ్చినచో “మీవా రేరి?” యని అడుగరాదు. సంఘపు చందా మాట మొదటి దినమున ఎత్తనే రాదు. మునుపటి కాపరి యొద్దనుండి ఉత్తరము తెచ్చిరా యను విచారణ కాపరిగారు తరువాత చేసికొందురు.

చంటిబిడ్డల తల్లులకై గోడ ప్రక్కను ఒక చాప, దానిపై మెత్తని దుప్పటి యొకటి ప్రత్యేకించిన చాలును. బిడ్డ యేడ్చినపుడు వెనుకకు తిరిగి చూచుటకు మారుగా, చేతులు చాచి యెత్తుకొను అమ్మమ్మలు ప్రతి సంఘములోను కలరు. వారిని ఆ పనికి కోరినచో ఎంతో సంతోషింతురు.

మరియొక చిక్కు ఆరాధన క్రమము. ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు సంఘములు కలిసి 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ ఇండియా సంఘమైనవి. లూథరనులును బాప్టిస్టులును తమ సంఘములలోనే నిలిచిరి. ఒకచోట ప్రార్థన పుస్తకము చూచి బదులు చెప్పుదురు, మరియొకచోట అది యుండదు. ఎప్పుడు లేవవలెనో, ప్రభు భోజనమునకు ఎట్లు ముందుకు పోవలెనో తెలియక క్రొత్తవారు సిగ్గుపడుదురు. ప్రక్కనున్నామె మెల్లగా పుట తీసి చూపిన చాలును. మన భాగ్యమేమనగా, పురుషోత్తమ చౌధరిగారు మొదలగు భక్తులు రచించిన కీర్తనలు ఈ సంఘముల కన్నిటికిని ఉమ్మడి సొత్తు. పాట మొదలైనంతనే ఎరుగని గుడి తన గుడియే యగును. కావున మొదటి కీర్తనయైనను అందరెరిగినది యుండునట్లు కాపరిగారితో చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆరాధన తరువాతి వారము. బుధవారము లోపల ఎవరైన నొకరు వారి యింటికి పోవలెను. ఉత్త చేతులతో పోక, ఇంత పచ్చడియో, రెండరటిపండ్లో పట్టుకొని పోవుట మన యాచారము. పోయి ప్రశ్నలు వేయక, పాలవా డెవరు, మంచి బడి యేది, బిడ్డకు జ్వరము వచ్చిన ఏ వైద్యునొద్దకు పోవలెను, ఈ సంగతులు చెప్పి రండు. మేము ఆరు వారములు ఆలస్యము చేసితిమి. మీరు ఆరు దినములైనను చేయకుడు.

మెదకులో పోస్నెటు దొరగారు 1914లో మొదలుపెట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడెను. అట్టి మహామందిరములు నిర్మించుట అందరికిని సాధ్యము కాదు. ప్రక్కకు జరిగి చోటిచ్చుట అందరికిని సాధ్యమే. నంద్యాల అధ్యక్ష ఖండమునకు 2013లో పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్పుగా అభిషేకింపబడిరి. స్త్రీలు సంఘమున పెద్ద పనులు చేయగలరని లోకమునకు తెలిసినది. ఈ చిన్న పనియు మనది కావలెను.

సోదరీమణులారా, వచ్చు ఆదివారము చివరి వరుసను ఒకసారి తిరిగి చూడుడు. ఎరుగని ముఖ మొకటి కనబడినచో లేచి పొండు. ఇంటిపేరు అడుగకుడు. “రండమ్మా, నా ప్రక్కను చోటున్నది” అనుడు.