గాయపడిన పక్షులు, గూడు తప్పిన పిల్లలు: సంరక్షణ, తిరిగి విడుదల

మీరు ఏ జిల్లా వారైనా, ఈదురుగాలి వీచిన మరునాడు చెట్టు కింద ఒక పక్షిపిల్ల పడి ఉండటం ఒక్కసారైనా చూసి ఉంటారు. నాకు చోడవరం బాగా తెలుసు. నేను అక్కడ ఉన్న రోజుల్లో అది విశాఖపట్నం జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. గోవాడ చక్కెర కర్మాగారం చుట్టూ చెరకు తోటలు, గట్ల మీద తాటిచెట్లు, వాటికి వేలాడే గిజిగాడి గూళ్ళు, పాత గోడల కన్నాల్లో గోరింకలు. వానాకాలం వచ్చిందంటే వీటిలో ఏదో ఒకటి కింద పడటం మామూలే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా పడిన గోరింక పిల్లను ఇంటికి తెచ్చి, పాలలో నానిన అన్నం పెట్టి పెంచాను. రెండు వారాలకు దాని కాళ్ళు వంకర తిరిగాయి, తరవాత చనిపోయింది. అప్పటికే నాకు జంతుశాస్త్రంలో డాక్టరేటు ఉంది. ఆ పిల్లకు అది ఏమీ ఉపయోగపడలేదు. ఎక్కడెక్కడ తప్పు చేశానో ఈ భాగంలో మీకే తెలుస్తుంది.

పిల్ల నిజంగా అనాథేనా?

మొదటి తప్పు దాన్ని ఇంటికి తేవడం. నేల మీద కనిపించిన పిల్లను ముందు దూరం నుంచి గమనించండి. ఒంటి మీద ఈకలు లేకుండా, కళ్ళు మూసుకుని ఉంటే అది గూడు విడిచే వయసు రానిది. గూడు అందేలా ఉంటే తిరిగి అందులో పెట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదని పెద్దలు చెప్పే మాట నిజం కాదు. పక్షి తన పిల్లను ముఖ్యంగా దాని అరుపును బట్టి, గూడున్న చోటును బట్టి గుర్తిస్తుంది. గూడు ఊడి పడిపోతే, అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి, పిల్లను అందులో ఉంచి, అదే కొమ్మకు కట్టవచ్చు.

ఒంటి నిండా ఈకలుండి, తోక మాత్రం పొట్టిగా, గెంతుతూ కనిపించేది వేరు. అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లిదండ్రులు పక్క కొమ్మ మీదే ఉండి దానికి ఇంకా మేత పెడుతుంటాయి. దీనికి మనం చేయవలసిన సాయం పిల్లినీ కుక్కనీ అదిలించడమే. జాలితో జనం ఎత్తుకొచ్చే పిల్లల్లో ఎక్కువ భాగం ఇవే! వీటి విషయంలో జాలి, అపహరణ దాదాపు ఒకటే అవుతాయి. తాటాకు అడుగున ఉమ్మితో ఈకలు అంటించి గూడు కట్టే స్విఫ్ట్ పక్షి ఇందుకు మినహాయింపు. దాని పిల్ల గెంతుతూ తిరిగే దశ లేనిది కనుక, నేల మీద కనిపిస్తే సాయం అవసరమైనట్టే.

రక్తం కారుతున్నా, ఒక రెక్క వేలాడుతున్నా, పిల్లి నోట పడినా ఆలస్యం చేయకూడదు. పిల్లి కాటు పైకి సూదిమొన అంతే కనిపిస్తుంది. కానీ దాని నోటిలోని పాస్చురెల్లా వంటి బ్యాక్టీరియా పక్షి రక్తంలో చేరితే, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పశువైద్యుడు ఆంటిబయాటిక్ ఇవ్వవలసిన కేసు ఇది.

ఒకే చోట చాలా పక్షులు చచ్చి పడి ఉంటే మాత్రం ముట్టుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు పశుసంవర్ధక శాఖకు చెప్పడమే పని.

పట్టుకునే ముందు తెలియవలసిన శరీర నిర్మాణం

మనకు ఊపిరి ఆడేది విభాజక పటలం కదలిక వల్ల. పక్షికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాయుకోశాల్లోకి గాలి వెళ్ళి వస్తుంది. అందుచేత పక్షిని ఛాతీ చుట్టూ గట్టిగా పట్టుకుంటే, ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడక చనిపోతుంది. పలచని గుడ్డ కప్పి, రెక్కలు ఒంటికి ఆనేటట్లు రెండు చేతులతో వదులుగా ఎత్తండి.

నీళ్ళు పోయడం మరో పెద్ద ప్రమాదం. పక్షి నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న రంధ్రం కనిపిస్తుంది. అదే వాయునాళం ద్వారం. డస్సిపోయిన పక్షి నోట్లో చెంచాతో పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాహం తీరుద్దామనుకుని ముంచేస్తామన్నమాట. గాలి చొరబడే కన్నాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, పక్షిని పెట్టి మూత వేసి, చీకటిగా, వెచ్చగా, సందడి లేని చోట ఉంచండి. వైద్యుడిని చేరేవరకు ఇంతకు మించి చేయకపోవడమే మంచిది. పిల్లలకు చూపించాలని మాటిమాటికీ మూత తీయకండి. మనిషి ముఖం దానికి వేటజంతువు ముఖమే.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి: మన రెక్కల కోడికి కాలు విరిగితే ఇంట్లో పుల్ల కట్టి నయం చేస్తాం గదా, గద్ద రెక్క విరిగితే అదే ఎందుకు చాలదు? పక్షి ఎముక రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. అయితే కొద్దిపాటి వంకరతో అతికినా కోడి నడవగలదు, గద్ద వేటాడలేదు. కీలు దగ్గర విరిగితే మళ్ళీ ఎగరడం అరుదు. గాలిపటాల మాంజా సరిగ్గా ఆ రెక్క కీళ్ళనే కోస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, సంక్రాంతికి అది ఇంకా చెట్లకు వేలాడుతూనే ఉంది. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అనే సోదరులు ఇలా గాయపడిన గద్దలకు వేల సంఖ్యలో చికిత్స చేశారు. వారి పని మీద 2022లో 'ఆల్ దట్ బ్రీత్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది.

మేత, మచ్చిక

నా రెండో తప్పు పాలన్నం. పాలలోని లాక్టోజును పక్షి జీర్ణించుకోలేదు. అన్నంలో కాల్షియం చాలదు. గోరింక పిల్లకు పురుగులు కావాలి, అదీ పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా అరగంటకొకసారి. పావురం పిల్ల వ్యవహారం మరీ వేరు. తల్లిదండ్రుల అన్నాశయంలో ఊరే 'పావురం పాలు' కోసం అది వాటి నోట్లోకే ముక్కు దూరుస్తుంది, మిగతా పిల్లల్లా నోరు తెరవదు. గద్ద పిల్లకు ఎముక లేని మాంసం ముక్కలే పెడితే, దాని ఎముకలూ మెత్తబడతాయి.

మూడో తప్పు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ గోరింక బతికి ఉన్నా అడవి పక్షిగా బతికేది కాదు. పుట్టిన కొత్తలో కళ్ళెదుట తిరిగేదాన్నే తన జాతిగా కొన్ని పక్షులు గుర్తుపెట్టుకుంటాయని బాతు పిల్లల మీద పరిశోధనతో కాన్రాడ్ లోరెంజ్ 1930లలో చూపించాడు. అందుకే పెంచేవారు పిల్లతో మాట్లాడకూడదు, పేరు పెట్టకూడదు, వీలైతే అదే జాతి పిల్లలతో కలిపి పెంచాలి. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో ఊరి చెట్ల మీది గూళ్ళ నుంచి పడిన గూడబాతు పిల్లలను ఒకే ఆవరణలో ఉంచి, చేపలు వేసి, ఎగిరే వయసు రాగానే వదులుతూ వచ్చారు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి.

చట్టం, విడుదల

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని ఇంట్లో పెంచుకోవడం నేరం. మన రాష్ట్ర పక్షి రామచిలుకకూ ఇదే వర్తిస్తుంది. గాయపడినదాన్ని చేరదీస్తే 39వ సెక్షన్ కింద 48 గంటల్లోగా అటవీ అధికారికి గాని దగ్గరి పోలీసు స్టేషన్‌కు గాని తెలియజేయాలి. చోడవరం ప్రాంతం వారికి అందుబాటులో ఉన్న పెద్ద చోటు విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల.

గాయం మానగానే వదిలేయడం కుదరదు. పెద్ద పంజరంలో అలుపు లేకుండా ఎగురుతోందా, మేత తానే వెతుక్కుంటోందా చూడాలి. దొరికిన చోటికి దగ్గరలోనే, ఉదయం పూట, వాన లేని రోజున వదలాలి. ఎప్పటికీ ఎగరలేనిదాన్ని ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. నొప్పితో పంజరంలో ఏళ్ళు గడపడం కంటే వైద్యుడి చేతిలో బాధ లేని చావు మేలని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

కొన్నిటికి ఓపిక ఒక్కటే వైద్యం. దసరాకు శుభమని జనానికి చూపించి డబ్బు తీసుకునేవారు పాలపిట్టల రెక్కలు కత్తిరిస్తారు. కత్తిరించిన ఈక మొదలు చర్మంలోనే ఉంటుంది కాబట్టి, పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా అక్కడ మరొకటి మొలవదు. ఒక్క పూట దర్శనం కోసం పట్టిన పిట్ట, ఏ గాయమూ లేకపోయినా, నెలల తరబడి పంజరంలో ఈకల కోసం ఎదురుచూస్తుంది.