పాలు లేని వంటిల్లు – పట్టణమున పేట



పల్లెనుండి సంసారము పట్టణమునకు తరలునపుడు మనమెల్లరము అడుగు ప్రశ్నలు మూడు. అద్దె యెంత? నీటి వసతి యెట్టిది? పనిచోటు ఎంత దూరము? శాకాహారులైనవారు నాలుగవ ప్రశ్న యొకటి చేర్తురు: "అది మనవారి పేటయేనా?" గడచిన వైశాఖమున మా చెల్లెలికి ఇల్లు వెదకుటకై నేను హైదరాబాదు పోయితిని. ఆ నాలుగవ ప్రశ్నను నేనును నోరార అడిగినదాననే.

మా చెల్లెలు వట్టి శాకాహారి కాదు. రెండేండ్లుగా పాలు, పెరుగు, నేయి, తేనె సైతము ముట్టుటలేదు. ఇట్టివారికి 1944వ సంవత్సరమున ఇంగ్లండులో డొనాల్డు వాట్సను అనునతడును ఆయన మిత్రులును 'వీగను'లని పేరు పెట్టిరి. ఈ సంగతి విని మా అమ్మ తల్లడిల్లినది. "ఆవు తల్లి కాదటే? తల్లిపాలకు దోషమేమే?" యని యడిగినది. "తల్లియే గదమ్మా! ఆ పాలు ఆ తల్లి దూడకు గదా!" యని చెల్లెలు బదులు చెప్పినది. అమ్మ మరి మాటలాడలేదు. ఆత్రేయపురపు పూతరేకులు ఇంటికి వచ్చిననాడు మాత్రము కొంగుతో కన్నులొత్తుకొన్నది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకులకు నేయియే ప్రాణము. తుదకు వట్టి రేకులు తెప్పించి, బెల్లపు పొడియు కొబ్బరికోరును చల్లి మడచితిమి. నేతి రుచి దానికి రాలేదని నేనొప్పుకొందును. చెల్లెలు మాత్రము నాలుగు తిన్నది.

కోనసీమలో ఇట్టి నియమము నడపుట కష్టము కాదు. కంద బచ్చలి, పనసపొట్టు, అరటిదవ్వ, ఇవేవియు పాలను కోరవు. కావలసినచోట కొబ్బరి యుండనే యున్నది. అంబాజీపేట సంత చెంత నున్నవారికి కొబ్బరికి కొదువేమి? చిక్కంతయు పట్టణముననే.

పూర్వము మన ప్రాంతపు పిల్లలు చదువులకు చెన్నపట్టణము పోయి తిరువల్లిక్కేణిలో భోజనపు మెస్సులు చూచుకొనెడివారు. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని యైన పిదప దారి అటు మళ్లినది. 2014లో రాష్ట్రము రెండైనను ఉద్యోగముల దారి మరలలేదు. చెల్లెలికిని మరిదికిని మాదాపురముననే పని.

శాకాహారులు నిండిన పేటలో దింపినచో చెల్లెలి భోజనమునకు లోటుండదని నేను తలచితిని. ఇది నా మొదటి పొరపాటు. అట్టి వీధిలో ఒక పూట తిరిగితిమి. మిఠాయి దుకాణములన్నియు నేతితో ఘుమఘుమలాడుచున్నవి. శాకాహార హోటలులో పొంగలి నేతిలో తేలుచున్నది, దోసెమీద వెన్నముద్ద, ఉప్మాలోను నేయియే. పొట్లములమీది పచ్చని చుక్కను నమ్ముదమన్న, పాలును వెన్నయు కలిసిన పదార్థమునకును ఆ చుక్కయే. పాలు సైతము లేని పదార్థములకు వేరు గుర్తు నేర్పరచుచు నిబంధనలు 2022లో వచ్చినవి. కొనునపుడు ఆ గుర్తునే వెదకవలెను, లేదా పొట్లము వెనుక నున్న సన్నని యక్షరములు చదువవలెను. మాంసము తినువారి వీధిలో చెల్లెలు ఎంత జాగ్రత్తపడవలెనో, శాకాహారుల వీధిలోను అంతయే జాగ్రత్తపడవలెను.

ఇక ఇంటి సంగతి. రాజోలు ప్రాంతపు పిల్ల యొకతె చెల్లెలితో కలిసి పనిచేయుచున్నది. ఆమె తన యిష్టముచేతనే మాంసము మాని ఏండ్లైనది. ఒక కాలనీలో మేడమీది వాటా చక్కగా నున్నదనియు, గుమ్మమున 'శాకాహారులకు మాత్రమే' యను పలక వ్రేలాడుచున్నదనియు మాకు చెప్పినది ఆ పిల్లయే. "నేనడిగినపుడు ఖాళీ లేదనిరి అక్కయ్యా. మీరొకమారు చూడుడు" అన్నది. నాకప్పుడు ఆ మాట అంతరార్థము తట్టలేదు.

మేము పోయితిమి. ఇంటావిడ మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టినది. "ఏ ఊరమ్మా? ఇంటిపేరేమి? గోత్రమేది?" యని వరుసగా నడిగినది. ఏమి తిందురని మాత్రము అడుగలేదు. వాటా ఖాళీగానే యున్నది! తాళపుచెవి మా చేతికే వచ్చినది. మెట్లు దిగుచు చెల్లెలు, "అక్కయ్యా, ఆ పలక తిండిని గూర్చినది కాదు" అన్నది. "పోనీవే, గాలి వెలుతురు కలవు, నీటికి లోటు లేదు, మనకెందుకు?" అంటిని. ఈ మాట యన్నది నేనే, దాచుకొనుట యెందులకు? చెల్లెలు నావైపు చూచి, మరల పైకిపోయి తాళపుచెవి యిచ్చివేసి వచ్చినది.

తమ యింట మాంసము వండరాదని కోరు హక్కు ఇంటివారికి కలదని నేనిప్పటికిని తలతును. వాసన సరిపడనివారు కలరు, దానికేమి? కాని ఆ కోరిక నిజమైనచో అడుగవలసినది వంటను గూర్చి. గోత్రము పొయ్యిమీద ఉడుకదు గదా!

పిదప మా వెదకులాట తీరు మారినది. కూరగాయల బజారు నడకదూరమున నుండవలెను, పనిచోటికి బండి దొరకవలెను, ఇంటివారు మనుష్యులను చూచి ఇల్లియ్యవలెను, ఇంతియే. అట్లు ఎర్రగడ్డ చేరితిమి. ఆ పేరు ఫోనులో వినగానే మా అమ్మ, "పాలు మానినందుకు పిల్లను తిన్నగా ఎర్రగడ్డకే చేర్చితిరా?" యన్నది. అచటి పిచ్చాసుపత్రి పేరు తెలుగునాట నెరుగని వారెవరు! కాని అచట పెద్ద రైతుబజారు కలదు. నాటి ఉమ్మడి రాష్ట్రమున 1999 జనవరి 26వ తేదీని ఆరంభమైన రైతుబజారులలో దళారి లేక రైతే అమ్మును, ఆనాటి ధరలు పలకమీద వ్రాసియుండును. తెల్లవారుజామున పోయినచో తోటకూర, గోంగూర, బచ్చలి మంచు తడితోనే దొరకును. పనసపొట్టు మాత్రము ఊరినుండి నేనే పంపుచున్నాను. 2017 నవంబరులో ఆరంభమైన మెట్రో రైలులో అమీరుపేట మూడవ స్టేషను. అచట బండి మారినచో మాదాపురము చేరవచ్చును.

ఆరోగ్యమును గూర్చి ఒక్కమాట. పాలు సైతము విడిచినవారికి శాకములనుండి బి12 విటమిను చాలినంత లభింపదు. వైద్యుని యడిగి మాత్ర వాడుట తప్పనిసరి. చెల్లెలు మొదటి యేడు దీనిని అలక్ష్యము చేసి, అరికాళ్లు తిమ్మిరులని ఏడ్చినది. సున్నము కొరకు రాగులు, నువ్వులు మరువరాదు.

గృహప్రవేశమున పాలు పొంగింపవలెను గదా, ఏమి చేయుట? నేను బస్సులో తెచ్చిన కొబ్బరికాయలు పగులగొట్టి పాలు తీసితిమి. చిక్కని మొదటి పాలు మరిగిన విరుగును గనుక, పలుచని రెండవ పాలను పొయ్యిమీద పెట్టితిమి. అవి నురుగు గట్టి తూర్పువైపు పొంగినవి! అమ్మ ఫోనులో చూచుచు "గోవిందా" యన్నది. అందే బియ్యము, బెల్లము వేసి ఉడికించి, దింపిన పిమ్మట మొదటి పాలు పోసితిమి. రాజోలు పిల్ల ఏలకులు దంచినది. ఇప్పుడు ప్రక్క గది ఆమెదే.

క్రింది వాటావారు చేపలు వండుకొనువారు. వారికొక గిన్నెడు పరమాన్నము పంపితిమి. మరునాడు ఆ యింటి ఇల్లాలు గిన్నె తిరిగి తెచ్చినది. వట్టి గిన్నె ఇయ్యరాదని అందులో నాలుగు నిమ్మకాయలు వేసి, "మా వంట కాదమ్మా, చెట్టుకాయలే, మీకు పనికివచ్చునా?" యని గుమ్మముకడనే నిలిచి యడిగినది.