సినిమా మీదన్న మాట మనిషికి ఎందుకు తగులుతోంది?

2022 ఆగస్టులో ‘లైగర్’ సినిమా విడుదలకు ముందు హైదరాబాద్‌లో హీరో విజయ్ దేవరకొండ విలేకరుల సమావేశం జరిగింది. ‘ట్యాక్సీవాలా’ రోజుల్లో మీతో చనువుగా మాట్లాడేవాళ్ళం, ఇప్పుడు మీరు పెద్ద స్టారయ్యారు, అట్లా అడగాలంటే జంకుగా ఉందని ఒక విలేకరి అన్నాడు. మొహమాటం పెట్టుకోవద్దు, హాయిగానే మాట్లాడుకుందాం అని చెబుతూ విజయ్ దేవరకొండ తన కాళ్ళు ఎదురుగా ఉన్న టేబుల్ మీదికి చాపాడు. అడిగినాయన జంకు పోగొట్టడానికి చేసిన పని అది. అక్కడున్నవాళ్ళు నవ్వుకున్నారు. సమావేశం సాగిపోయింది.

బయటికొచ్చేసరికి విలేకరి మాట ఊడిపోయి కాళ్ళ ఫొటో ఒక్కటే మిగిలింది. ఎక్కడ చూసినా ఒకటే తీర్పు, పొగరు అని. అదే వారాల్లో సినిమాను బహిష్కరించమనే పిలుపుల మీద ఆయన ఇచ్చిన జవాబొకటి ముక్కగా తిరిగింది. ఎవరు ఆపుతారో చూద్దాం అన్న ధోరణిలో ఉన్న ఆ ముక్క ముంబైలో గైటీ గెలాక్సీ, మరాఠా మందిర్ థియేటర్లు నడిపే మనోజ్ దేశాయ్ చెవిన పడింది. ఇంత అహంకారమా అని ఆ పెద్దాయన మండిపడ్డారు. ఆ కోపం కూడా వీడియోగా దేశమంతా తిరిగింది. తర్వాత విజయ్ ముంబై వెళ్ళి దేశాయ్‌ని కలిశాడు, పాదాలకు నమస్కరించాడు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాక ఆయన మెత్తబడ్డారు. మంచి కుర్రాడని మెచ్చుకున్నారు, తానన్న మాటలకు క్షమాపణ చెప్పారు.

ఆ సినిమా ఆడలేదు. అది వేరే లెక్క, ఆ లెక్క ప్రేక్షకుడు టికెట్టు కొని చూసి తేల్చాడు. నా మనసు నిలిచింది మాత్రం రెండు రకాల కోపాల మీద. సినిమా బాగలేదన్న కోపానికి ఒక ఆధారముంది, రెండు గంటలకు పైగా కళ్ళతో చూసింది. మనిషి మీద పుట్టిన కోపానికి ఉన్న ఆధారం ఒక ఫొటో, ఒక సగం జవాబు. అయినా రెండో కోపమే ఎక్కువ మందికి అంటుకుంది, ఎక్కువ రోజులు మండింది.

హైవే పక్కన చాయ్ హోటల్

ఈ సంగతి జహీరాబాద్ నుంచి రాయడానికి కారణముంది. ముంబై హైవే మీద, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. బీదర్ పక్కనే. కిరాణా కొట్టు సేటు ఒక పూటలోనే తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ మాట్లాడతాడు. చుట్టూ తండాల్లో లంబాడీ వినిపిస్తుంది. మహీంద్రా ఫ్యాక్టరీ వచ్చాక ఇంకా దూరాల మాటలు కలిశాయి. ఇన్ని భాషల మధ్య పెరిగినవాళ్ళు మాటకంటే ముందు ముఖం చూస్తారు, గొంతు వింటారు. ఇక్కడ ‘నీయవ్వ’ అని భుజం మీద చరిస్తే అది ప్రేమ. పళ్ళు బిగించి అంటే గల్లా పట్టుకునే మాట. తేడా తెలియని పిల్లవాడు ఈ ఊళ్ళో ఉండడు.

ఆ తేడా ఫోన్లోకి ఎక్కదు. హైవే పక్క హోటల్లో ఒక సాయంత్రం నా పక్క బల్ల దగ్గర ఇద్దరు దోస్తులు కూర్చున్నారు, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు. ఒకడు ఫోన్ చూస్తూ చాయ్ తాగడమే మరిచిపోయాడు. ముందు రాత్రి సెకండ్ షో చూసొచ్చి, ఆ సినిమా పోస్టర్ కింద ఒక కామెంటు పెట్టాడట: ‘దిమాగ్ ఖరాబ్ సినిమా ర బై, సెకండాఫ్ కూసొనియ్యలే’. ఇక్కడివాళ్ళకు దీని అర్థం చెప్పక్కర్లేదు. సినిమా పిచ్చెక్కించింది, కుర్చీలో కుదురుగా ఉండనివ్వలేదు అని వాడి సంబరం. వేరే జిల్లాల అభిమానులకు అది వేరేగా కనిపించింది. బుర్ర పాడుచేసిన సినిమా, రెండో సగం కూర్చోలేకపోయాను అని చదువుకున్నారు. తిట్లు మొదలయ్యాయి.

“మంచిగుందనే అన్న అని రిప్లయ్ వెట్టరాదు బై,” అన్నాడు రెండోవాడు.

“వెట్టిన. నమ్ముతలేరు. ఎటకారం చేస్తున్నవంటున్నరు.”

“ఇగ తీసెయ్యి మరి.”

“తీసేస్తే భయపడ్డడు అంటరు.” కాసేపాగి ఫోన్ అవతలికి తిప్పి చూపించాడు. “ఇగో ఇది జూడు. మీ ఏరియావాళ్ళకు సినిమా చూసుడు వస్తదా అంటున్నడు. నన్నంటే నన్ననాలె. ఊరెందుకు?”

చాయ్ మీద మీగడ కట్టింది. వాడు తాగకుండానే లేచాడు. నచ్చిన హీరో అభిమానుల చేతనే తిట్లు తిన్న బాధ వాడిది. సినిమాలో ఏది బాగుంది, ఏది బాగలేదు అన్న ముచ్చట ఆ కామెంట్లలో మొదలే కాలేదు.

రాసేవాడి చెవిలో తన గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి చదివేవాడికీ అదే వినిపిస్తుందని నమ్ముతాడు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో సహచరులతో కలిసి దీన్ని పరీక్షించి చూశారు. వ్యంగ్యంగా కొన్ని వాక్యాలు, మామూలుగా కొన్ని వాక్యాలు ఈమెయిల్‌లో పంపించారు. నూటికి 78 సార్లు అవతలివాళ్ళు ఏది వ్యంగ్యమో పోల్చుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. నిజానికి పోల్చుకున్నది 56 సార్లు. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. ఇంకా గట్టి సంగతి ఏమిటంటే, చదివినవాళ్ళకు తాము పొరబడుతున్నామన్న అనుమానం లేశమైనా లేదు. నూటికి తొంభై సార్లు సరిగ్గానే గ్రహించామని వాళ్ళ ధీమా. చాయ్ హోటల్లో ఆ పిల్లవాడు ‘నమ్ముతలేరు’ అన్నది దీని గురించే.

కంప్యూటర్ మీద నవ్వు ముఖం గుర్తు పుట్టింది కూడా ఈ తిప్పల్లోంచే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సరదాగా రాసిన మాటను కొందరు నిజమనుకున్నారు. అప్పుడు 1982 సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే అధ్యాపకుడు, హాస్యానికి గుర్తుగా రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్ పెట్టుకుందామని సూచించాడు. నలభై ఏళ్ళు దాటాయి. ఆ నవ్వు ముఖాన్నే ఇప్పుడు వెక్కిరింపుకూ వాడుతున్నారు. కన్నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మను అవతలివాడి ఏడుపు మీద అతికిస్తున్నారు.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన మర్యాదంతా క్రియ చివర్లో ఉంటుంది. మనలో ఎక్కువ మంది ఆ క్రియను ఇంగ్లిషు అక్షరాల్లో, పొట్టి చేసి, తొందరలో కొడతారు. దానికి తోడు ప్రాంతాల తేడా. జహీరాబాద్ పల్లెల్లో ఇంటి పెద్దనైనా ‘కాకా, నువ్వు జెప్పు’ అంటారు. కాకా అన్న పిలుపులోనే మర్యాద ఉంది, నువ్వులో చనువుంది. గోదావరి జిల్లాలో ‘మీరు చెప్పండి బాబాయ్’ అంటూ పెరిగినవాడికి ముక్కూ ముఖం తెలియని మనిషి నుంచి ‘నువ్వు జెప్పు’ అని వస్తే చెంప మీద కొట్టినట్టుంటుంది. వాడి ‘మీరు చెప్పండి సార్’ అన్న మాట ఇక్కడివాడికి దెప్పినట్టుంటుంది. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఇద్దరూ నొచ్చుకున్నారు.

పాత గాయం మీద కొత్త మాట

‘మీ ఏరియావాళ్ళు’ అన్న మాట ఆ పిల్లవాడికి అంతలా గుచ్చుకోవడానికి వెనక దశాబ్దాలున్నాయి. తెలుగు సినిమా తెలంగాణ యాసను చాలాకాలం విలన్‌కూ, విలన్ పక్కనుండే రౌడీకీ, నవ్వించే పాత్రకూ ఇచ్చింది. హీరో ప్రేమలో పడితే వేరే భాషలో పడ్డాడు. హాల్లో అందరితోపాటు నవ్విన జహీరాబాద్ ప్రేక్షకుడు ఇంటికెళ్ళి అమ్మతో అదే యాసలో మాట్లాడాడు. 2017 జూలైలో ‘ఫిదా’ వచ్చింది. కథ జరిగేది బాన్సువాడలో. జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలోదే ఆ ఊరు. సాయిపల్లవి తన గొంతుతోనే కథానాయిక భానుమతి మాటలు చెప్పింది. కథానాయిక తమలా గొడవపడుతుంటే, తమలా అలుగుతుంటే ఇక్కడివాళ్ళకు కలిగిన సంతోషం సినిమా సంతోషం మాత్రమే కాదు. ఆరేళ్ళకు ‘బలగం’ వచ్చింది, పల్లెల్లో తెరలు కట్టి చూశారు. అట్లాంటి సినిమాను ఎవరైనా స్లో అన్నా, అతి అన్నా ఇక్కడ మనిషి తనను అన్నట్టే వింటాడు. అలా వినడం పూర్తిగా తప్పు అని నేననలేను. కానీ స్లో అన్నవాడికి ఈ చరిత్రేదీ తెలిసి ఉండకపోవచ్చు, వాడు నిజంగా ఎడిటింగ్ గురించే అని ఉండొచ్చు.

ఇదంతా ఫోన్లు తెచ్చిన జబ్బని కొట్టిపారేయడానికీ లేదు. 2012 అక్టోబర్‌లో ‘కెమెరామన్ గంగతో రాంబాబు’ వచ్చినప్పుడు తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. సినిమాలో సన్నివేశాలు ఉద్యమాన్ని కించపరిచాయని జనం రోడ్డెక్కారు. ఆటలు ఆగాయి, దర్శకుడు పూరి జగన్నాథ్ ఆఫీసు మీద దాడి జరిగింది. ఆ దాడిని సమర్థించను. అభ్యంతరమున్న సన్నివేశాలకు చివరికి కత్తెర పడింది. అక్కడ గొడవ దేని మీదో అందరికీ తెలుసు, ఏ సన్నివేశం, ఏ మాట అని వేలు పెట్టి చూపించగలిగారు. పదేళ్ళ తర్వాత అదే దర్శకుడి ‘లైగర్’ దగ్గర గొడవ దేని మీదో అడిగితే పదిమంది పది చెబుతారు.

మధ్యలో విజయ్ నటించిన ‘అర్జున్ రెడ్డి’ ఉంది. 2017 ఆగస్టు 25న విడుదలైంది, సరిగ్గా ఐదేళ్ళకు అదే తేదీన ‘లైగర్’ వచ్చింది. బస్సు మీద ముద్దు పోస్టర్‌ను సీనియర్ నాయకుడు వి.హనుమంతరావు చింపేస్తే, విజయ్ ‘తాతయ్యా చిల్’ అని పోస్టు పెట్టాడు. కుర్రకారుకు అది మనవడి గారాబంలా వినిపించింది. వయసుకు విలువిచ్చే ఇళ్ళలో పెద్దమనిషిని ఎగతాళి చేసినట్టు వినిపించింది. నా మటుకు నాకు, పోస్టర్ చింపడమూ సరికాదు, ఒక పెద్దాయన అభ్యంతరానికి రెండు మాటల్లో జవాబు చెప్పి వదిలేయడమూ సరికాదు. ఆడపిల్లలు ఎక్కే బస్సు మీద ఏ బొమ్మ ఉండాలన్నది నిదానంగా మాట్లాడుకోవలసిన విషయం. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఒక గీత ఇక్కడే గట్టిగా గీయాలి. అన్నీ అపార్థాలు కావు. ‘లైగర్’ విడుదల రోజు నటి అనసూయ భరద్వాజ్ ఏ సినిమా పేరూ లేకుండా పెట్టిన పోస్టును ఆ సినిమాకే అన్వయించుకుని, ఆమెను ‘ఆంటీ’ అంటూ హ్యాష్‌ట్యాగ్ నడిపారు. పోస్టును అలా చదువుకోవడం అపార్థం కావచ్చు, ఆ తర్వాత చేసింది అపార్థం కాదు. వేలమంది కూడబలుక్కుని ఒక స్త్రీని వయసు పేరుతో అవమానించారు. ఆమె ఫిర్యాదు చేస్తానంటే దాన్నీ వెక్కిరించారు. సినిమా విశ్లేషకుడు కత్తి మహేష్ మీద 2018 జనవరిలో గుడ్లు విసిరారు. ఆయన మాటతీరు నచ్చనివాళ్ళు చాలామందే ఉండొచ్చు. గుడ్డు విసరడానికి అది కారణం కాదు. బెదిరింపులను, బూతులను, మార్ఫింగ్ ఫొటోలను ‘సరదాకన్నాం, మీరే అపార్థం చేసుకున్నారు’ అని కప్పిపుచ్చుకునేవాళ్ళకు ఈ కథనంలో చోటు లేదు.

పస్తాపూర్ ఆడవాళ్ళ కెమెరా

సినిమా గురించి ఎట్లా మాట్లాడుకోవాలో నేర్పగలిగినవాళ్ళు జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో ఉన్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్ళు. ఎక్కువ మంది దళితులు, చిరుధాన్యాలు పండించే చిన్నరైతులు, బడి ముఖం చూడనివాళ్ళు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి.సతీష్ వీళ్ళలో కొందరి చేతికి కెమెరా ఇప్పించారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ఆడవాళ్ళు 2001లో తమ సొంత మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ రైతుల చేలల్లో బీటీ పత్తి ఎట్లా పండిందో 2002 నుంచి మూడేళ్ళపాటు వెంటపడి తీశారు. కెమెరా కోణాలకు ఇంగ్లిషు పేర్లు వాళ్ళకు పట్టలేదు, వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పెత్తనం, అణకువ కనిపించే కోణాలకు పటేలు పేరు, జీతగాడి పేరు తగిలాయి. మనిషిని కంటికి కన్ను సమానంగా చూపించేది మాత్రం ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేల మీద ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి ఆ పేరు.

2008 అక్టోబర్ 15న మాచనూర్ ఊళ్ళో వాళ్ళ సంఘం రేడియో మొదలైంది. అంతకు ముందు ప్రభుత్వ అనుమతి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఆ కాలమంతా కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. విన్నవాళ్ళు అక్కడే నచ్చింది నచ్చలేదు అన్నారు, చేసిన మనిషి అక్కడే కూర్చుని ఉంది. ఏ యాసలో అడిగారో అదే యాసలో జవాబు దొరికింది. నాకు ఈ ప్రాంతంలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

మన టౌన్ కుర్రాళ్ళకు ఇట్లా కూర్చునే చోటు లేదు. అభిమాన సంఘాలకు కొదవ లేదు, ఇద్దరు వేర్వేరు హీరోల అభిమానులు ఒకే గల్లీలో ఉంటారు, ఒకరి చెల్లె పెండ్లిలో ఇంకొకరు వడ్డిస్తారు. ఆట అయిపోగానే గేట్లు తెరుచుకుంటాయి, బండ్లు స్టార్టవుతాయి. ఇంటికి చేరేలోపే తలా ఒక ఫోన్లో మొహం కనిపించని మనుషులతో తగువు మొదలవుతుంది. సినిమా పేజీలు నడిపే పిల్లలు జవాబు ముక్కతోపాటు ప్రశ్న కూడా ఉంచితే సగం తగువులు పుట్టవు. టైపు కొట్టడం రాని మన పెద్దవాళ్ళు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు. సినిమా ముచ్చట్లకు కుర్రాళ్ళు కూడా ఆ అలవాటు చేసుకోవచ్చు.

జహీరాబాద్‌లో కాలేజీలున్నాయి, ఫంక్షన్ హాళ్ళున్నాయి. పెద్ద సినిమా వచ్చిన వారం, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు జంపఖానా పరిచి, అన్ని హీరోల అభిమానులనూ పిలిచి, పస్తాపూర్ నుంచి ఒక అక్కను నడపమని అడిగితే ఆమె కాదంటుందని నేననుకోను. ఎవరు మొదలుపెట్టినా నాకు కబురు పెట్టండి. వస్తాను, నచ్చని సినిమా గురించి నచ్చలేదనే చెబుతాను, ఎందుకని ఎవరడిగినా కూర్చుని జవాబిస్తాను.