తాత ముత్తాతల పేర్లు ఏ రికార్డుల్లో దొరుకుతాయి? వంశవృక్షానికి ఆధారాలు ఎలా సంపాదించాలి?

తాత పేరు అడిగితే ఠక్కున చెబుతాం. ఆయన తండ్రి పేరు అడిగితే చాలామంది తడబడతాం. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బందేమీ ఉండదు. తాత పేరు మీదే ఉండిపోయిన పట్టాను వారసులకు మార్చుకోవాలన్నా, భూసేకరణ పరిహారం తీసుకోవాలన్నా అసలు చిక్కు మొదలవుతుంది. ‘ఆయన మా తాతే’ అని నోటితో చెబితే చాలదు, కాగితం చూపించాలి.

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి వంటి మండలాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. అన్నదమ్ముల్లో ఒకరు ఊళ్లో, ఒకరు హైదరాబాద్‌లో, మరొకరు గల్ఫ్‌లో ఉండే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. పైగా విమానాశ్రయం ప్రతిపాదన ఉన్న ప్రాంతం కావడంతో భూమి కాగితాలకు విలువ పెరిగింది. మరి రెండు మూడు తరాల వెనక్కి వెళ్లాలంటే ఏ రికార్డులు వెతకాలి?

భూమి రికార్డే ఎందుకు?

ఐర్లండ్‌ను చూడండి. 1922లో అంతర్యుద్ధం సమయంలో డబ్లిన్‌లోని రికార్డుల కార్యాలయం తగలబడింది. అక్కడున్న పాత జనగణన పత్రాల్లో ఎక్కువ భాగం బూడిదయ్యాయి. అందుకే ఐరిష్ మూలాలు వెతికేవారు 1901, 1911 జనగణనలు దాటి వెనక్కి వెళ్లాలంటే పన్ను రికార్డులను ఆశ్రయిస్తారు. 1847-1864 మధ్య సాగిన ‘గ్రిఫిత్స్ వాల్యుయేషన్’లో ఏ ఊళ్లో ఎవరి చేతిలో ఎంత భూమి ఉందో రాసి ఉంది.

మన దగ్గర జనగణన పత్రాలు తగలబడకపోయినా అందుబాటులో ఉండవు. 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యం. కాబట్టి మనకూ పాత పేర్లు దొరికేది ఎక్కువగా శిస్తు, భూమి రికార్డుల్లోనే.

ముందు ఇంట్లో మొదలుపెట్టండి

ఇంట్లో పెద్దవాళ్లను, ముఖ్యంగా నానమ్మలు, అమ్మమ్మలు, మేనత్తలను అడిగి పేర్లు రాసుకోండి. ఇంటిపేరు, ఊరు, వాడుక పేరు, సర్వే నంబరు తెలిస్తే అదీ రాయండి. తాత పేరు మనవడికి పెట్టడం మనకు అలవాటు కాబట్టి ఒకే పేరు రెండు తరాల్లో కనిపించవచ్చు. పేరు ఒక్కటే చూసి ఆగిపోకుండా, పక్కన ఉన్న తండ్రి పేరు కూడా సరిపోల్చుకోండి.

తర్వాత దగ్గరి కాలం నుంచి వెనక్కి వెళ్లాలి. బడి ప్రవేశ రిజిస్టరులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం ఉంటాయి. పాత ఓటర్ల జాబితాల్లో ఇంటి నంబరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. ఇంట్లో ఎవరి మరణమైనా నమోదు కాకుండా ఉండిపోతే, ఏడాది దాటిన కేసుల్లో మెజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వుతో ఇప్పటికీ నమోదు చేయించుకోవచ్చు.

భూమి రికార్డుల్లో ఏముంటుంది?

* పహాణీ: ఏటా రాసిన సాగు రికార్డు. పట్టాదారు పేరు ఒక గడిలో, సాగులో ఉన్నవారి పేరు మరో గడిలో ఉంటాయి. రెండూ చూడాలి.
* ఖాస్రా పహాణీ: 1954-55 నాటిది. తెలంగాణ భూవివాదాల్లో కీలక ఆధారం ఇదే.
* సేత్వార్: నిజాం కాలపు సర్వే, సెటిల్‌మెంట్ తర్వాత తయారైన మూల రికార్డు. ఎక్కువగా ఉర్దూలో ఉంటుంది.
* ఫౌతి, విరాసత్ ఫైళ్లు: పట్టాదారు చనిపోయాక వారసుల పేరిట భూమి మార్చినప్పటివి. ఒకే చోట తండ్రి, పిల్లల పేర్లు దొరుకుతాయి కాబట్టి వంశవృక్షానికి ఇంతకు మించిన కాగితం లేదు.
* ఈసీ: 1983 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించాలి.

పాత కాగితాల్లో కొన్ని మాటలు తెలిసి ఉండాలి. ‘వల్ద్’ అంటే ఫలానా వారి కొడుకు, ‘జౌజే’ అంటే భార్య, ‘ఫౌతి’ అంటే చనిపోయిన వ్యక్తి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇప్పటి లెక్క వస్తుంది. 1358 ఫస్లీ అంటే 1948-49 అన్నమాట.

ఊరి పేరుతో పాటు జిల్లా, తాలూకా పేర్లు కూడా చూసుకోవాలి. నిజామాబాద్‌కు పాత పేరు ఇందూరు. మండలాలు వచ్చింది 1985లో కాబట్టి, అంతకు ముందువి తాలూకా పేరుతో ఉంటాయి. 2016లో కామారెడ్డి వేరే జిల్లా అయింది. ఆ వైపు ఊళ్లవారు రెండు చోట్లా అడగాల్సి రావచ్చు.

భూమి లేని కుటుంబాలు ఏం చేయాలి?

పట్టా లేకపోయినా కౌలు ఉండి ఉండవచ్చు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు అడగండి. గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు కూడా పనికొస్తుంది.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్స్‌లో తరాల తరబడి పనిచేసిన కుటుంబాలు ఉన్నాయి. ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, ఇంట్లో ఉన్న సర్వీసు కాగితాలు, పీఎఫ్ నామినేషన్ ఫారాలు పారేయకండి. వాటిలో భార్య, పిల్లల పేర్లు, వయసులు ఉంటాయి.

నిజాంసాగర్ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వలస వచ్చి, వర్ని, బోధన్ వైపు క్యాంపుల్లో స్థిరపడిన వారి పాత రికార్డులు ఇక్కడ దొరకవు. స్వగ్రామం ఉన్న జిల్లాలో అడంగళ్లు, ఆర్‌ఎస్‌ఆర్ వెతకాలి.

ఎక్కడ, ఎలా అడగాలి?

పహాణీ నకళ్లకు మొదట మీసేవ, తహసీల్దార్ కార్యాలయం. సర్వే పటాలు, టిప్పన్‌లకు జిల్లా సర్వే, భూమి రికార్డుల కార్యాలయం. నిజాం కాలపు పత్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్.

నేరుగా అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మా తాతకు భూమి ఉందా?’ అని రాయొద్దు. ‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు సంబంధించి 1954-55 ఖాస్రా పహాణీ పేజీ నకలు ఇవ్వండి’ అని రాయండి. రికార్డు లేదంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి.

కొన్ని కులాలకు వంశ చరిత్ర చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు అలాంటివారే. గోత్రం, పూర్వీకుల ఊరు వారి నోట తెలియవచ్చు. అయితే అది వెతకడానికి దారి చూపిస్తుందే తప్ప కార్యాలయంలో రుజువుగా చెల్లదు.

ఈ పొరపాట్లు చేయొద్దు

ఆడబిడ్డల పేర్లు వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పెళ్లయి వెళ్లిన మేనత్త కూడా వారసురాలే. 2005 చట్ట సవరణ, 2020 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. ఆమె పేరు లేకుండా చేసిన విరాసత్ తర్వాత కోర్టుకెక్కవచ్చు. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి విషయంలోనూ ఇంతే.

పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే దిద్దకండి, కొట్టివేయకండి. ఉన్నది ఉన్నట్టు నకలు తీసుకుని, రెండూ ఒకరివేనని అఫిడవిట్ ఇవ్వాలి. ఉర్దూ పేజీలకు అనువాదం చేయించినప్పుడు మూల ప్రతి నకలును కూడా దాంతో జతచేయండి.

భూ భారతి చట్టం కింద వారసత్వ మార్పిడికి తహసీల్దార్ విచారణ చేస్తారు. అప్పటికప్పుడు పరుగులు తీసే బదులు, పేర్లు గుర్తున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే రాసుకోవడం, పెట్టెలో ఉన్న పాత కాగితాలను ఫోన్‌లో స్కాన్ చేసి అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లందరికీ పంపడం ఈ వారంలోనే చేయగలిగిన పని.