వార్తల్లో పదం: ఫంక్షనల్ బిహేవియర్ అసెస్‌మెంట్

అల్లరి వెనకున్న అవసరాన్ని కనిపెట్టే పద్ధతి ఇది. టీచర్ల శిక్షణలో నేర్పుతారు. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత అతనికి ఏం దక్కింది అన్న మూడూ రోజూ రాసుకోవాలి. లెక్కల పీరియడ్‌లోనే పక్కవాణ్ణి కొట్టి ప్రతిసారీ బయట నిలబడుతున్నాడంటే, ఆ శిక్షే వాడికి విడుదల. అప్పుడు మార్చాల్సింది లెక్క చెప్పే తీరు.

మేధోవైకల్యమున్న పిల్లల కోసం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, 1992లోనే ‘బేసిక్-ఎంఆర్’ కొలమానం తెచ్చింది. అందులో ఒక భాగం సమస్యాత్మక ప్రవర్తనలకే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బల్ని నిషేధించింది కాబట్టి టీచరుకు వేరే దారి కావాలి.

ప్రవర్తనకు కారణం ఒక్కోసారి ఇంట్లోనూ ఉంటుంది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికెళ్లే నాన్న షిఫ్టు మారితే ఇంట్లో నిద్రవేళలూ మారతాయి. క్లాసులో కునికే పిల్లవాడి గురించి రాసేటప్పుడు, ఆ వారం నాన్నది ఏ షిఫ్టో అడిగి రాయడం తప్పనిసరి అనిపిస్తుంది.