కొండను చూచి ఇల్లు కొనవలెను

వానకై ఎదురుచూచు సీమలో పుట్టినవానికి వాన యనిన ఆశ. వాన తరచుగా కురియు తీరమున ఇల్లు కొనబోవువానికి అదే వాన పరీక్ష.

కడప జిల్లాలో, నల్లమల కొండల అంచున, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి వెలసిన కందిమల్లాయపల్లె కలదు. లోకము నేడు దానిని బ్రహ్మంగారిమఠమనియే ఎరుగును. కొండ చెంతనే యున్నను ఆ ప్రాంతమున వాన తక్కువ. ఆ జిల్లాలో ఏడాది మొత్తమున కురియునది సుమారు 700 మిల్లీమీటర్లు. అచ్చటి పాత మిద్దెలే ఈ సంగతి చెప్పును. దూలములపై దంతెలు పరచి, వానిపై బండలో కట్టెలో కప్పి, ఆపైన మట్టి వేసి బిగింతురు. కప్పు బల్లపరుపుగా నుండును. తొలకరికి ముందు నాలుగు గంపల చౌడు పోసినచో ఆ ఏడు గడచును. వెలుతురుకై నడికప్పున గవాక్షి ఉంచుదురు. ఆకాశమును నమ్మి కట్టిన ఇల్లది.

అట్టి ఇండ్లలో పెరిగినవారి బిడ్డలు కొలువుల నిమిత్తము దూరతీరములకు పోవుట నేడు వింత కాదు. విశాఖపట్టణమున 1933లో ఓడరేవు ప్రారంభమైనది. తరువాత నౌకానిర్మాణశాల వెలసినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. కొలువు ముగియు వేళకు, పల్లెకు మరలుటయా, ఇచ్చటనే ఒక గూడు కొనుటయా అను మీమాంస పుట్టును. చేతనున్నది ఒక జీవితపు కూడబెట్టు. దానికి తోడు పల్లెలోని పొలము అమ్మిన సొమ్ము. ఇందులో పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు మరియొక పొలము లేదు.

ఇల్లు చూడవచ్చువారు సాధారణముగా పుష్య మాఘ మాసములలో వత్తురు. అప్పుడు ఎండ మెత్తన, గాలి చల్లన. ఒక వైపు యారాడ కొండ, మరియొక వైపు కైలాసగిరి, లోపలి వైపున సింహాచలపు కొండలు, ఎదుట నీలి సముద్రము. మనసు కరగక మానదు. అమ్మువాడు మేడపైకి తోడ్కొనిపోయి సముద్రమును చూపును. కొనువాడు మాత్రము వెనుకకు తిరిగి కొండను చూడవలెను.

ఏలయన, కొండపై పడిన వాన కడలిని చేరక మానదు. ఆ రెంటి నడుమ నున్నదే నగరము. కొండనుండి దిగు నీటిదారిని సీమలో వంక యందురు. ఉత్తరాంధ్రలో గెడ్డ యందురు. వంకలో ఇల్లు కట్టరాదని సీమ రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు. కాని నగరములో గెడ్డ గెడ్డవలె కనబడదు. కొంత పూడ్చబడి, కొంత సిమెంటు పలకల క్రింద దాగి, కొంత సందుగా మారి, వేసవిలో అమాయకముగా నుండును. విశాఖలో సాలున కురియు వాన వేయి మిల్లీమీటర్ల వరకు ఉండును. అందులో పెద్ద భాగము నాలుగైదు నెలలలోనే పడును. వాయుగుండము పట్టినప్పుడు ఒక్క దినముననే కుండపోత కావచ్చును. ఆనాడు గెడ్డ తన పాత దారిని వెదకికొనుచు వచ్చును.

కావున ఇంటిని వానలో చూడవలెను. భాద్రపద ఆశ్వయుజములలో, ముసురు పట్టిన నాడు, గొడుగు పట్టుకొని ఆ వీధిలో నడవవలెను. నీరు ఎటు పారుచున్నది, ఎచ్చట నిలుచుచున్నది, ప్రహరీలపై మట్టిచారలు ఎంత ఎత్తున నున్నవి, కొండను తొలిచి చదును చేసిన స్థలమునకు వెనుక అడ్డుగోడ గట్టిగా నున్నదా, దానినుండి నీరు కారుటకు తూములున్నవా అని పరికింపవలెను. ఆ పేటలో చిరకాలము పాలుపోసినవాని మాట, అమ్మకపు కాగితములోని రంగుబొమ్మ కంటె విలువైనది.

గాలి సంగతియు మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు చెట్లు కూలినవి, రేకులు ఎగిరినవి, అద్దాల గోడలు పగిలినవి. గాలి ఏనాడో ఒకనాడు కొట్టును. ఉప్పు మాత్రము నిత్యము కొట్టును. కడలిగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టును. కాంక్రీటులోని కమ్మి ఉబ్బి పెచ్చులూడును. కొత్త సున్నము వేసిన పాత ఇంటి పైకప్పును వ్రేలితో తట్టి చూచుట అవమానము కాదు.

నీటికి వలెనే హక్కునకును ఒక దారి కలదు. అదియు పైనుండి క్రిందికి దిగివచ్చునదే. సింహాచల దేవస్థానపు భూములకు సంబంధించిన అడవివరము, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురము, వెంకటాపురము అను పంచగ్రామముల వివాదము ఇందుకు తార్కాణము. సొమ్ము చెల్లించి ఇండ్లు కట్టుకొన్న వేలాది కుటుంబములు, ఆ ఇండ్లలో కాపురముండియు, వానిని తమవని పత్రముపై నిరూపింపలేక దశాబ్దములు గడిపినవి. కావున సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించి, లింకు దస్తావేజులను ఒక్కొక్కటిగా వెనుకకు చదువవలెను. ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధపు జాబితాలో ఉన్నదేమో చూడవలెను. నిరుపేదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినది. కేవలము జనరల్ పవర్‌పై సాగిన అమ్మకము హక్కును బదిలీ చేయజాలదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టము చేసినది. వెల చౌకగా నున్నచోట ఈ గొలుసులో ఏదో ఒక కొక్కెము తెగియుండుట కలదు.

ఇన్ని చూచి కొన్నను పని ముగియదు. తొలకరికి ముందు కాలువ పూడిక తీయవలెను. ఇనుమునకు రంగు వేయవలెను. మేడపై నీటిగొట్టములలోని ఆకులు ఏరవలెను. అయితే బ్రహ్మంగారిమఠపు మిద్దె ఇంట పెరిగినవానికి ఇది కొత్త పాఠము కాదు. ఏటేటా గంపతో చౌడు మోసికొని నిచ్చెన ఎక్కిన తండ్రిని అతడు చూచియే యున్నాడు. సీమలో కొద్దిపాటి వానకు ఆ జాగ్రత్త చాలినది. కడలియొడ్డున పెద్ద వానకు అదే జాగ్రత్త మరికొంత కావలెను.